జెర్డాన్ నైట్‌జార్ డైరీ: భీమిలి వైపు జీడితోటల అంచున ఒక సీజను

జనవరి, రెండో వారం

విశాఖ నుంచి భీమిలి వైపు వెళ్తే కొండల కింద జీడిమామిడి తోటలు, వాటిని ఆనుకుని కలివి, బలుసు, లాంటానా పొదలు. ఈ అంచుల్లో జెర్డాన్ నైట్‌జార్ అనే రాత్రి పిట్ట ఉందా, ఉంటే ఏ తోట పక్కన, ఏ వేళప్పుడు కూస్తోంది అన్నది ఈ సీజను పని. ఉందని చెప్పడానికి ఒక్క మంచి రికార్డింగు చాలు. లేదని చెప్పడమే కష్టం. మైకు మూసుకుపోయినా, గాలి హోరులో కూత మునిగిపోయినా, చెమ్మకి కార్డు ఆగిపోయినా ఫైల్లో కనబడేది అదే నిశ్శబ్దం. అందుకే ఈ డైరీలో సగం పిట్ట గురించి, సగం దాని కూత రికార్డు చేయడానికి చెట్లకి కట్టే పెట్టె గురించి.

పిట్ట సంగతి ముందు. కాప్రిముల్గస్ అట్రిపెన్నిస్, పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. దక్షిణ భారతం, శ్రీలంక దీని ఇలాకా. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డాన్ 1845లో దీన్ని వర్ణించాడు. గంజాం, నెల్లూరు రెండుచోట్లా ఉద్యోగం చేసిన మనిషి, అంటే మన తీరానికి అటూ ఇటూ. కడప లంకమల అడవుల్లో 1986లో మళ్ళీ దొరికిన కలివికోడికీ ఇంగ్లీషులో ఆయన పేరే. రెండూ రాత్రి పిట్టలే కానీ పద్ధతులు కలవవు. కలివికోడి నేలమీద పరుగెత్తుతుంది కాబట్టి పొదల మధ్య మెత్తని మట్టి పరిచి పొద్దున్నే అడుగుజాడలు చూసే పద్ధతి దానికి పనికొచ్చింది. నైట్‌జార్ కాళ్ళు మరీ పొట్టివి, నడక దాదాపు లేదు. మట్టి పరిస్తే మిగిలేది మన చాకిరీయే.

కంటితో ఎందుకు కాదంటే: పగలు అది ఎండుటాకుల మీద కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. బూడిద, గోధుమ, నలుపు కలిసిన ఈకలు ఎండిన జీడాకులో కలిసిపోతాయి, రెండు గజాల దూరంలో ఉన్నా కనబడదు. రాత్రి రోడ్డు మీద కూర్చుంటే బండి వెలుగులో కళ్ళు ఎర్రగా మెరుస్తాయి గానీ, ఆ మెరుపుని బట్టి ఏ జాతో చెప్పలేం. మామూలు ఇండియన్ నైట్‌జార్ కాస్త చిన్నది, సుమారు 24 సెంటీమీటర్లు. జెర్డాన్‌కి మెడ వెనక ఇటుకరంగు పట్టీ ఉంటుంది, మగదానికి రెక్కమీద తెల్లమచ్చ, తోక బయటి ఈకల కొసల్లో తెలుపు. ఇవన్నీ చేతిలో ఉన్న పిట్టలో చూడవచ్చు, చీకట్లో లేచి ఎగిరిపోయేదాన్లో కాదు.

పాత పక్షి జాబితాలు చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. చాలాకాలం పాటు దీన్ని లాంగ్‌టెయిల్డ్ నైట్‌జార్‌లో ఒక ఉపజాతిగా కలిపేసి రాశారు. ఇప్పుడు అది విడి జాతి. విడదీయడానికి ముఖ్యమైన ఆధారాల్లో కూత ఒకటి. కాబట్టి పాత జాబితాలో ఆ పేరు కనబడగానే ఏ పిట్టో అర్థమైపోయిందని అనుకోకూడదు. మన కనుమల్లో ఇంకా తేలని లెక్కలు చాలా ఉన్నాయి. విశాఖ పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మీద ఇక్కడి ఒక బాబ్లర్ ఉపజాతికి నామకరణం జరిగింది 1985లో. అదీ పగటి పిట్టకి. రాత్రి పిట్టల సంగతి అడగనక్కర్లేదు.

జనవరి, మూడో వారం: సామాను, సెట్టింగులు

రికార్డరు: ఆడియోమాత్, పది. ఎనిమిది తోటల్లో ఉంటాయి, రెండు మార్పిడికి. బోర్డు కొలత 58 × 48 × 15 మిల్లీమీటర్లు, మూడు డబుల్‌ఏ బ్యాటరీలు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు.

శాంప్లింగు రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందో అది, 16 కిలోహెర్ట్జ్. దీంతో 8 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని దొరుకుతుంది. నైట్‌జార్ కూతల బలమంతా 3 లోపే కనుక ఇది చాలు. 48 పెడితే ఫైళ్ళు మూడింతలవుతాయి తప్ప ఒరిగేదేమీ లేదు. లెక్క ఇలా: సెకనుకి 16,000 శాంపిళ్ళు, ఒక్కోటి 2 బైట్లు, అంటే నిమిషానికి 1.92 ఎంబీ, గంటకి 115 ఎంబీ. సాయంత్రం 6 నుంచి 8:30, తెల్లవారుజామున 3:30 నుంచి 5:45, మొత్తం రోజుకి 4 గంటల 45 నిమిషాలు. రాత్రికి 547 ఎంబీ. 32 జీబీ కార్డు సుమారు 58 రాత్రులకి వస్తుంది. 295 సెకన్లు రికార్డు, 5 సెకన్లు విరామం. అయిదు నిమిషాల ముక్కలైతే వెతకడం సులువు, ఒక ఫైలు పాడైనా పోయేది అయిదు నిమిషాలే.

గెయిన్, అంటే మైకుకి చేరిన శబ్దాన్ని ఎంత పెంచాలన్నది, మీడియం. హై పెడితే దూరపు పిట్ట బాగా వినబడుతుందని ఆశ పుడుతుంది. నిజానికి పెరిగేది కీచురాళ్ళ రొద, మైకు సొంత గుసగుస. దగ్గర్లో కూసిన పిట్ట తరంగం పైన కత్తిరించినట్టు చదునైపోతుంది, ఆ కూత ఇక కొలవడానికి పనికిరాదు. తక్కువ పౌనఃపున్యాల్ని కోసేసే ఫిల్టరు రికార్డరులో పెట్టలేదు. గాలి హోరు పోతుంది నిజమే, దాంతోపాటు చేపలు తినే గుడ్లగూబ లోతు గొంతూ పోతుంది. కోత ఏదైనా ఇంటికొచ్చాక కంప్యూటర్లో కోసుకోవచ్చు.

సమయం విషయంలో మొదటిసారి వాడేవాళ్ళు తప్పకుండా తడబడతారు. ఫైలు పేర్లో పడేది గ్రీన్విచ్ సమయం. మన సాయంత్రం 6 అక్కడ మధ్యాహ్నం 12:30, మన తెల్లవారుజాము 3:30 అక్కడ ముందురోజు రాత్రి 10. దీన్ని స్థానిక సమయానికి మార్చేయాలని చేతులు దురద పెడతాయి, మార్చలేదు. గ్రీన్విచ్ లెక్కలో సాయంత్రం ఫైళ్ళూ, మర్నాటి తెల్లవారుజాము ఫైళ్ళూ ఒకే తేదీ కింద పడతాయి. 5:30 దాటాక వచ్చే చివరి మూడు ఫైళ్ళు తప్ప ఒక రాత్రి అంతా ఒక్క తేదీ. మన సమయానికి మారిస్తే ఆ రాత్రి రెండు తేదీలుగా చీలిపోతుంది.

పక్కనున్న చిన్న స్విచ్చి కస్టమ్‌లో ఉండాలి. డిఫాల్ట్‌లో వదిలేస్తే షెడ్యూలు పట్టించుకోకుండా పగలూ రాత్రీ రాసుకుంటూ పోతుంది, పదకొండు రోజులు దాటేసరికి కార్డు నిండిపోతుంది. బ్యాటరీలు తీస్తే గడియారం కూడా పోతుంది. మళ్ళీ కంప్యూటరుకి తగిలించో, ఫోను యాప్‌లోంచి శబ్దం వినిపించో సమయం పెట్టాలి. ఈ రెండూ తోటలోకి వెళ్ళేముందు చూసే చీటీలో మొదటి రెండు గీతలు.

జనవరి చివర: పెట్టె

మొదటి ప్రయత్నం జిప్ కవరు. తేలిక, చవక, చాలామంది అలాగే వాడతారు. సముద్రపు గాలి ఉన్నచోట కుదరలేదు. సాయంత్రం గాలి తిరగ్గానే కవరు రెపరెపలాడి, సరిగ్గా మనకి కావలసిన 1, 2 కిలోహెర్ట్జ్ దగ్గర చిటపటలు నింపేసింది. కవరుని బిగుతుగా లాగి కడితే కొంత నయం, పూర్తిగా పోదు.

రెండోది ఎలక్ట్రికల్ షాపులో దొరికే పీవీసీ జంక్షన్ బాక్సు, నాలుగంగుళాలది. మూతకి మైకు ఎదురుగా 6 మిల్లీమీటర్ల రంధ్రం. రంధ్రానికి లోపలివైపు గాలి ఆడుతూ నీరు రానివ్వని పలచని పొర అంటించాం. అడుగున 2 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి, చేరిన చెమ్మ కారిపోవడానికి. తప్పు జరిగేది మైకుకీ మూతకీ మధ్య ఎడంలో. బోర్డుని పెట్టెలో ఊరికే పడేస్తే, రంధ్రంలోంచి వచ్చిన శబ్దం పెట్టె లోపలి గాలినంతా మోగించి తర్వాత మైకుకి చేరుతుంది. కుండలో మాట్లాడినట్టు ఉంటుంది. మధ్యలో రంధ్రం ఉన్న చిన్న స్పాంజి వాషరు పెట్టి, ఎడం 2 మిల్లీమీటర్లకి మించకుండా బిగిస్తే ఆ బోలుతనం పోయింది.

తేల్చుకోవడానికి బీప్ పరీక్ష పెట్టాం. పిట్ట కూత వాడలేదు. జనవరిలోనే అయినా ఇలాకా పట్టిన మగదాన్ని అనవసరంగా రెచ్చగొట్టడం మంచిది కాదు. ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్లకి విశాఖ శివార్లలో కొదవ లేదు, అలాంటి ఖాళీ చోట రాత్రి తొమ్మిది దాటాక చేశాం. స్పీకరు నుంచి 1 మీటరు దూరంలో ఫోను మీటరు 80 డెసిబెళ్ళు చూపేలా పెట్టి, 1 కిలోహెర్ట్జ్ బీప్ పది, 2 కిలోహెర్ట్జ్ బీప్ పది. ఒక్కోటి ఒక సెకను, మధ్యలో మూడు సెకన్లు. దూరాలు 25, 50, 100, 200, 300 మీటర్లు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్ళు తగ్గాలి, అంటే 200 మీటర్ల దగ్గర మిగిలేది 34. ఫోను మీటరు కచ్చితమైంది కాదు, కాకపోయినా పది పెట్టెలకీ అదే మీటరు కనుక పోలికకి సరిపోతుంది. ఒకే దూరంలో మిగతావాటికంటే మందంగా విన్న పెట్టెని విప్పితే ప్రతిసారీ కారణం స్పాంజి వాషరే: పక్కకి జరిగి రంధ్రాన్ని సగం మూసింది.

ఫిబ్రవరి: చోటు, అనుమతి, కట్టడం

కంబాలకొండ అభయారణ్యం దగ్గర్లోనే ఉంది, దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. అయినా అక్కడ పెట్టలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అధ్యయనానికి ముందస్తు పర్మిట్ ఉండాలి, రాత్రిపూట సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా అక్కడ చిరుతలున్నాయి. ఈ సీజనుకి ప్రైవేటు తోటల అంచులే. యజమాని ఒప్పుకుంటే చాలదు, తోట కౌలుకి తీసుకున్నవాళ్ళకీ, కాపలావాళ్ళకీ పెట్టె చూపించి, ఇది కెమెరా కాదు, పిట్టల కూత రాస్తుంది అని చెప్పాలి. చెట్టుకి కట్టిన తెలియని డబ్బాని ఎవరైనా విప్పి చూస్తారు, వాళ్ళ తప్పు కాదు. పెట్టె మీద తెలుగులో రెండు వరసలు, ఒక ఫోను నంబరు రాసి అంటించాం. మనుషుల మాటలు కూడా రికార్డవుతాయి కనుక, మాట వినబడిన ముక్కల్ని తుడిచేస్తామని ముందే చెప్పాం. తుడుస్తున్నాం.

పెట్టెల మధ్య దూరం 400 మీటర్లు. నిశ్శబ్దమైన రాత్రి నైట్‌జార్ గొంతు చాలా దూరం పోతుంది. దగ్గరగా పెడితే ఒకే పిట్ట రెండు పెట్టెల్లో పడి, రెండు పిట్టలనుకుంటాం.

ఎత్తు నేల నుంచి రెండు మీటర్ల లోపు. కట్టే కాండం పెట్టెకంటే సన్నగా ఉండాలి. లావుపాటి మామిడికి కడితే వెనకవైపు శబ్దానికి చెట్టే గోడ. జీడికొమ్మ అయితే బాగుంది, తాటిచెట్టు వద్దు: గాలికి ఆకుల గలగల రాత్రంతా వాన కురుస్తున్నట్టు రాస్తుంది. మేకులు కొట్టలేదు, నైలాను పట్టీలే. రంధ్రం పొదలవైపు, ఓ పిసరు కిందికి వంచి. తోటలవైపు తిప్పితే కుక్కల అరుపులూ, మోటార్ల మోతా ఎక్కువ.

ప్రతి పెట్టె దగ్గరా, రికార్డింగు మొదలయ్యాక మూడు చప్పట్లు కొట్టి, పెట్టె నంబరు, సమయం గట్టిగా చెప్పాలి. కార్డులు కలిసిపోయినప్పుడు ఇదొక్కటే దిక్కు.

చీకటి నడకకి ఒక్క మాట: మోకాలి కింద దాకా బూట్లు. ఆ ఆకుల్లో నైట్‌జార్ ఎంత కనబడదో రక్తపింజరీ అంతే కనబడదు.

ఫిబ్రవరి చివర: తిథులు చూసి ప్లాను

నైట్‌జార్ కంటితో వేటాడే పిట్ట. నోరు చిన్నదిగా కనబడినా తెరిస్తే తల వెడల్పంతా తెరుచుకుంటుంది, చుట్టూ మీసాల్లాంటి బిరుసు ఈకలు. ఎగురుతూనే పేడపురుగుల్నీ, చిమ్మెటల్నీ నోట పట్టుకుంటుంది. వెలుతురు ఉంటేనే వేట, అందుకే సంధ్య వేళల్లోనూ, వెన్నెల రాత్రుల్లోనూ హుషారు. అమావాస్య చుట్టూ కూతలు తగ్గితే పిట్ట వెళ్ళిపోయిందని కాదు.

గోడ కేలండరు ఇక్కడ ఏ యాప్‌కీ తీసిపోదు. శుద్ధ అష్టమి నుంచి పున్నమి దాకా సాయంత్రం చంద్రుడుంటాడు. పున్నమి దాటాక చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి పోతుంది. బహుళ పంచమి నాటికి సాయంత్రమంతా చీకటి, తెల్లవారుజామున వెన్నెల. రెండు సమయాలు పెట్టుకున్నది అందుకే: శుక్లపక్షంలో సాయంత్రం ఫైళ్ళు ఫలిస్తాయి, బహుళపక్షంలో తెల్లవారుజామువి. ఒకటే పెడితే నెలలో సగం రాత్రులు మనమే చెవులు మూసుకున్నట్టు.

మార్చి, రెండో వారం: మొదటి కార్డులు

ఎనిమిదింటిలో మూడు పెట్టెల ఫైళ్ళు పనికిరాలేదు. కారణాలు మూడూ వేరు.

ఒకదాన్లో కుమ్మరి పురుగు. రంధ్రంలో మట్టి కూరి గూడు కట్టింది. 6 మిల్లీమీటర్ల రంధ్రం దానికి అచ్చంగా సరిపోయే కొలత. ఫైళ్ళు అన్నీ ఉన్నాయి, సైజూ సరిగ్గానే ఉంది, లోపల మాత్రం దుప్పటి కప్పుకున్నట్టు మూగ శబ్దం. పూర్ణా మార్కెట్లో దొరికే టీ వడపోత జల్లెడ కొని, ఆ స్టీలు మెష్ రూపాయి బిళ్ళంత కత్తిరించి బయటివైపు అంటించాం. మెష్ పొరకి తగలకూడదు, తగిలితే గాలికి గీరుకుంటుంది.

రెండోదాన్లో చీమలు. అడుగు రంధ్రంలోంచి వెళ్ళి బ్యాటరీల పక్కన గుడ్లు పెట్టాయి. మైకు బాగానే ఉంది, కానీ చీమల నడక రికార్డయింది. ఇసుక రాలుతున్నట్టు సన్నటి చిటచిట, రాత్రంతా. పట్టీకి రెండువైపులా వేలెడు వెడల్పున వాజిలిన్ రాస్తే ఆగాయి. వారానికొకసారి మళ్ళీ రాయాలి, దుమ్ము పడితే అదే వాటికి వంతెన.

మూడోది చెమ్మ. ఇదే అన్నిటికంటే మొండిది. తెల్లవారుజామున తోటలో పెట్టె తెరిచి కార్డు మార్చి మూశారు. ఆ వేళ గాలి తడితో నిండి ఉంటుంది, మూసేటప్పుడు ఆ తడిగాలే లోపల బంధించాం. మర్నాటి రాత్రి చల్లబడగానే అది నీటిబొట్లై బోర్డు మీద కూర్చుంది. సిలికా జెల్ ప్యాకెట్లు ఉన్నాయి, అప్పటికే తడి పీల్చుకుని నిండిపోయాయి. ఇప్పటి పద్ధతి: తోటలో పెట్టె అసలు తెరవం. ఇంట్లో ఏసీ గదిలో కొత్త కార్డు, బ్యాటరీలు, ఎండబెట్టిన 5 గ్రాముల సిలికా జెల్ ప్యాకెట్లు రెండు పెట్టి మూసేసి, తోటలో పెట్టెకి పెట్టె మార్పిడి. స్పేరు రెండు ఉన్నాయి కనుక విడతకి రెండు పెట్టెలే మారతాయి, రోజులు పడుతుంది, పడనీ. రంగు మారే సిలికా గింజలైతే నిండాయో లేదో కంటికి తెలుస్తుంది.

ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు పచ్చబారడం మొదలైంది. పత్తిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచాం. రీచార్జి బ్యాటరీలు వాడేటప్పుడు ఒక పెట్టెలో మూడూ ఒకే ఈడువి ఉండాలి. పాతది ఒకటి కలిస్తే అది ముందు అడుగంటి, మిగతా రెండిటినీ లాగేస్తుంది. ఏ రాత్రి ఎంత ఓల్టేజి ఉందో ప్రతి ఫైలు హెడర్లోనూ ఉంటుంది, అది చదవకుండా బ్యాటరీల్ని తిట్టడం అనవసరం.

ఈ మూడు పెట్టెల తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం: రాత్రి చెల్లుతుందో లేదో ముందు తేల్చాలి, పిట్టని తర్వాత వెతకాలి. చెల్లడానికి మూడు గుర్తులు. స్పెక్ట్రోగ్రామ్‌లో (శబ్దాన్ని బొమ్మగా చూపే పటంలో) కీచురాళ్ళ పట్టీ కనబడాలి, అది లేకపోతే రంధ్రం మూసుకున్నట్టే. ఊరి గుడి మైకు తెల్లవారుజామున ఎనిమిది పెట్టెల్లోనూ, ఎంత సన్నగానైనా, పడాలి. గాలి హోరు 500 హెర్ట్జ్ కింద ఆగాలి, పైకి ఎగబాకి 1 కిలోహెర్ట్జ్ దాటితే ఆ ఫైలు లెక్కలోకి రాదు. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేకుండా ఊరే రోజూ పరీక్ష పెడుతోంది.

మార్చి చివర, ఏప్రిల్: ఏది ఎవరి గొంతు

ఎనిమిది పెట్టెలు, రాత్రికి 38 గంటల శబ్దం. కూర్చుని వినడం అయ్యే పని కాదు, చూడాలి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్లో స్పెక్ట్రోగ్రామ్, కిటికీ (ఒక్కసారికి తీసుకునే ముక్క) 512 శాంపిళ్ళు, పైహద్దు 4 కిలోహెర్ట్జ్. 1024 పెడితే పౌనఃపున్యం ఇంకా సన్నంగా తెలుస్తుంది, కానీ ఒక్కో కిటికీ 64 మిల్లీసెకన్లవుతుంది, కొట్టుడు లాంటి పొట్టి కూతలు అలుక్కుపోతాయి. 512 అయితే 32 మిల్లీసెకన్లు, దెబ్బకి దెబ్బ విడిగా కనబడుతుంది.

కూతని బట్టి జాతి పేరు చెప్పే బర్డ్‌నెట్ అనే ప్రోగ్రాముతో ముందు జల్లెడ పట్టాం. అది శబ్దాన్ని మూడేసి సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ సున్నా నుంచి ఒకటి లోపు అంకె ఇస్తుంది. ఆ అంకెని ఇన్ని శాతం నిజమని చదవకూడదు. ఒక జాతికి 0.4 దగ్గరే నమ్మకంగా ఉంటుంది, మరోదానికి 0.8 దగ్గర కూడా కప్పే. పెట్టెకీ, వారానికీ ఎక్కువ అంకెలొచ్చిన ముక్కల్ని చెవితో విని, ఎక్కడినుంచి తప్పులు మొదలయ్యాయో అక్కడ గీత గీశాం.

గొంతులు ఇవి. ఇండియన్ నైట్‌జార్: గచ్చు మీద గోళీ జారవిడిస్తే ఎలా ఎగిరెగిరి పడుతుందో అలా. టక్... టక్... టక్‌టక్ టకర్ర్ర్. మొదట విడివిడిగా, చివర దగ్గరపడి కలిసిపోతుంది. ఈ తోటల్లో దీని కూతలే ఎక్కువ. జెర్డాన్: చ్-వో-వో, చ్-వో-వో. తడిసిన చెక్కమీద తట్టినట్టు నీళ్ళు కలిసిన గొంతు. ఒకే తూకంలో సాగుతుంది, చివర వేగం పుంజుకోదు. ఆ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే: దెబ్బల మధ్య ఎడం కొలవండి, తగ్గుతూ పోతే ఇండియన్, సమానంగా ఉంటే జెర్డాన్ అని అనుమానించండి. సవానా నైట్‌జార్ ఎగురుతూ గట్టిగా ధ్వీట్ మంటుంది, దాంతో పొరపాటు రాదు.

జెర్డాన్ కప్పలా గురగురమనే కూత కూడా ఇస్తుంది. అది ఒంటరిగా దొరికితే లెక్కలోకి తీసుకోలేదు. అదే ఫైల్లోనో ముందువెనక ఫైల్లోనో చ్-వో-వో ఉంటేనే రాశాం.

తప్పుదారి పట్టించేవి వేరే ఉన్నాయి. వాన పడ్డ రాత్రి చెట్టుకప్ప టక్-టక్‌టక్ మని చెక్క కొట్టినట్టే కూస్తుంది. దాని శబ్దం నిలువుగా వెడల్పాటి గీతల్లా పడుతుంది, బావి ఉన్నవైపు పెట్టెల్లోనే ఎక్కువ. వేసవి రాత్రుల్లో కోకిల వేళాపాళా లేకుండా కూస్తుంది. తీతువు అయితే మనుషులు నడిస్తే చాలు, మన చప్పట్ల ఫైల్లోనే ముందు పడేది అదే. పొద్దెక్కాక కంసాలిపిట్ట టుక్‌టుక్‌లు సమానమైన తూకంలో ఉంటాయి కాబట్టి తెల్లవారుజాము చివరి రెండు ఫైళ్ళు మరోసారి చూడాలి.

ఈ వారాల్లో రెండు పెట్టెల్లో చ్-వో-వో స్పష్టంగా పడింది. రెండూ పొద గట్టిగా ఉండి, పక్కన మట్టిబాట ఉన్న చోట్లే. ఇంకో పెట్టెలో ఒకే ఒక్క ముక్క, అందులో గాలి. దానికెదురుగా ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాం.

ఏప్రిల్: నేలమీద గుడ్లు, తోటలో చీపుళ్ళు

నైట్‌జార్ గూడు కట్టదు. రెండు గుడ్లు నేరుగా నేలమీద, ఆకుల మధ్య. మరకల గుడ్లు, పైన మరకల పిట్ట. పగలంతా దానిమీద కదలకుండా కూర్చోవడమే వాటికున్న రక్షణ. దగ్గరికి పోతే చివరిక్షణం దాకా లేవదు, లేస్తే రెక్క విరిగినట్టు నేలమీద కొట్టుకుంటూ మనల్ని పక్కకి లాగే ప్రయత్నం చేస్తుంది. అలా చేస్తే అడుగు కదపకుండా వచ్చిన దారినే వెనక్కి రావాలి. గుడ్లని వెతకడం ఈ ప్రాజెక్టులో లేదు. అనుకోకుండా కనబడితే పుల్లలు గుచ్చి గుర్తులు పెట్టొద్దు, కాకులూ ముంగిసలూ మనకంటే బాగా గమనిస్తాయి. జీపీఎస్ అంకె రాసుకుని, అది ఎవరికీ పంచకపోవడం మేలు. ఫ్లాషు వద్దు.

జీడితోటకీ ఈ పిట్టకీ పేచీ ఇక్కడే. పిక్కలు రాలే ముందు చెట్ల కింద శుభ్రం చేస్తారు. ఆకు ఊడ్చి కుప్పపోసి అంటిస్తారు, లేకపోతే రాలిన పిక్క దొరకదు. రైతు పనికి అది తప్పదు, సరిగ్గా అదే నెలల్లో పిట్ట గుడ్లు పెడుతుంది. తోట మధ్యలో కంటే పొదని ఆనుకున్న చివరి వరసల్లోనే చిక్కు. అక్కడ రెండు వరసల కింద ఆకు తగలబెట్టకుండా, చేత్తో పక్కకి లాగి పొదలవైపు నెట్టమని అడిగాం. కొందరు సరేనన్నారు, కొందరికి పాముల భయం. భయం న్యాయమైనదే, వాదించలేదు.

టార్చి నడకలు నెలకి రెండే చేశాం, మట్టిబాట మీదే, గంటకి కిలోమీటరు వేగంతో. టార్చి చేతిలో కాదు, కంటి పక్కన ఉండాలి. పిట్ట కంటి వెనకనున్న అద్దంలాంటి పొర వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, టార్చి నడుము దగ్గరుంటే ఆ మెరుపు మన కంటికి చేరదు. సాలీళ్ళ కళ్ళు కూడా మెరుస్తాయి, కాకపోతే చిన్నగా, పచ్చగా, మంచుబొట్టులా. నైట్‌జార్ కన్ను నిప్పుకణికంత. బాట మీద అది కూర్చునేది పురుగుల కోసమూ, ఎగరడానికి ఖాళీ కోసమూ. బళ్ళకింద పడేదీ అక్కడే.

మే

ఎండకి పెట్టె లోపల వేడి బాగా పెరుగుతోంది, తెల్లరంగు వేసి ఆకుల నీడకి జరిపాం. క్యుములోనింబస్ జల్లు వచ్చిన రాత్రుల ఫైళ్ళు చినుకుల దెబ్బలతో నిండిపోయాయి. ఆ రాత్రుల్ని కొట్టేశాం.

గడియారం మారకపోయినా సూర్యుడు మారాడు. మార్చి 20 ప్రాంతంలో ఇక్కడ సూర్యోదయం 6 గంటలకి, మే చివర సుమారు 5:20కి. తెల్లవారుజాము కూతలు వెలుగుతోపాటే ముందుకి జరిగాయి. 5:45 దాకా పెట్టిన షెడ్యూలులో చివరి అరగంట ఇప్పుడు పగటి పిట్టలదే. సమయాన్ని 3:00 నుంచి 5:15కి మార్చాం, సాయంత్రం మొదలు 6:15కి. ఇది ఏప్రిల్ మధ్యలోనే చేయాల్సింది.

ఎన్ని రాత్రులు వింటే లేదని రాయవచ్చు? ఉన్న పిట్ట ఒక రాత్రి మనకి చిక్కే అవకాశం 0.3 అనుకుందాం. ఎనిమిది చెల్లిన రాత్రుల్లోనూ చిక్కకపోయే అవకాశం 0.7 ఎనిమిదిసార్లు గుణించగా 0.058. అంటే వందకి ఆరు. అవకాశం 0.1 మాత్రమే అయితే అవే ఎనిమిది రాత్రుల తర్వాత కూడా వందకి 43. అమావాస్య రాత్రులన్నీ ఒకచోట పోగేసి ఎనిమిదని లెక్కపెడితే రెండో పరిస్థితిలో ఉంటాం. కాబట్టి ఒక్కో పెట్టెకీ వెన్నెల ఉన్న, గాలి లేని, గుర్తులు మూడూ చెల్లిన రాత్రులు కనీసం ఎనిమిది. ఇప్పటికి ఆ లెక్క నిండినవి అయిదు పెట్టెలు. వాటిలో రెండు పైన చెప్పినవే. మిగతా మూడిటికీ లేదని రాశాం, పక్కన రాత్రుల సంఖ్యతో సహా. నిండని మూడిటి గడి ఖాళీగానే ఉంది, అందులో ప్రశ్నార్థకం పెట్టె ఒకటి.

జూన్, మొదటి వారం

వానలు పట్టేలోపు ఒక శుక్లపక్షం దొరుకుతుంది. చేయాల్సినవి: నిండని మూడు పెట్టెలకి కొత్త వాషర్లు, బీప్ పరీక్ష మళ్ళీ 100, 200 మీటర్ల దగ్గర. అయిదో పెట్టె పట్టీ ఎలుక కొరికింది, స్టీలు తీగ. వాజిలిన్ డబ్బా అయిపోయింది. ప్రశ్నార్థకం పెట్టెని గాలివాటు నుంచి నలభై అడుగులు లోపలికి, పెద్ద కలివి పొద వెనక్కి జరపాలి, శుద్ధ అష్టమి లోపు.